చివర చప్పట లేదు

మా దుకాణం వెనక గదికి కిటికీలు లేవు. కావాలనే లేకుండా కట్టించారు మా ఆయన. నాలుగు గోడలకీ కోడిగుడ్ల అట్టలు అంటించి, వాటి మీద పాత పరుపుల గుడ్డ బిగించి, తలుపు చుట్టూ మందపాటి ఉన్ని పట్టీ వేయించారు. ఆ తలుపు తెరిచినా మూసినా చప్పుడు కాదు. వీధిలో లారీ హారను కొట్టినా లోపలికి వినపడదు. లోపల మనిషి గొంతు చించుకున్నా బయటికి వినపడదు. వీడియోలకు మాటలు రికార్డు చేసే గది అలాగే ఉండాలి మరి.

ఆయన షూటింగు చేసి తీసుకొచ్చిన టేపుల్ని ఆ గదిలో కూర్చుని ఎడిటింగు చేయడం నా పని. అలా నలభై ఏళ్లకు పైనే కూర్చున్నాను. ఆయన పోయాక దుకాణం మా అమ్మాయి చూసుకుంటోంది. జనం అటకల మీంచి దింపిన పాత క్యాసెట్లు తెచ్చిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తుంది. ఎక్కించేటప్పుడు సింకు తప్పుతుంది. టేపు పాడైన చోటల్లా బొమ్మలు కొన్ని రాలిపోతాయి, ధ్వని మాత్రం రాలకుండా తన దారిన తాను నడుస్తుంది. దాంతో బొమ్మ ముందుకెళ్లిపోతుంది, మాట వెనకబడుతుంది. మొదట్లో వెంట్రుకవాసి తేడా. గంట గడిచేసరికి మనిషి నోరు మూసుకుని లేచి వెళ్లిపోయాక వాడి మాట వినపడుతుంది. దాన్ని సరిచేసేది ఇప్పటికీ నేనే. నిన్న రాత్రి ఏం తిన్నానో చెప్పలేను గానీ, పెదవికీ మాటకీ మధ్య చీమంత ఎడమున్నా పట్టేస్తాను.

మతిమరుపు మొదలై రెండేళ్లయింది. ప్రతిదీ రాసిపెట్టుకోమన్నాడు డాక్టరు. చంకలో నోటుబుక్కు లేకుండా గడప దాటను. ఆ నోటుబుక్కు ఎక్కడ పెట్టానో రాసుకోవడానికి ఇంకో నోటుబుక్కు కొనాలని మా అమ్మాయి వేళాకోళం చేస్తుంది. నేనూ నవ్వుతాను. కానీ పొద్దున లేచి ముందురోజు పేజీ చదువుకుంటుంటే, ఎవరో నాకు రాసిన ఉత్తరం చదువుతున్నట్టు ఉంటుంది.

సింకు సరిచేయాలంటే రెండు గుర్తులు కావాలి. టేపు మొదట్లో ఒకటి, చివర ఒకటి. చేతులు కలిసిన బొమ్మ, చేతులు కలిసిన చప్పుడు. రెండు చోట్లా వాటిని ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే మధ్యలోది దానంతటదే సర్దుకుంటుంది. అందుకని మా దుకాణంలో ప్రతి టేపూ ఒక చప్పటతో మొదలై ఒక చప్పటతో ముగిసేది. ఆ చప్పట కొట్టేది మా ఆడపడుచు, ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. సన్నగా, ఒక చోట నిలవకుండా తిరిగేది కాబట్టి అందరం పిట్ట అనే పిలిచేవాళ్లం. కెమెరా ముందుకొచ్చి, చేతులు చాచి ఠప్పున ఒక్కటి కొట్టి, కన్ను గీటి పోయేది. పెద్దమనుషుల సన్మానాల టేపుల్లో కూడా ఆ కన్నుగీటడం ఉండేది. నేను దాన్ని కత్తిరించేదాన్ని.

పిట్ట ఆ గదిలోనే పోయింది.

తలుపుకు లోపలి పిడి విరిగిపోయి ఉండేది. రేపు మాపు అంటూ బాగు చేయించలేదు. మూసుకుపోకుండా కింద ఒక చెక్కముక్క దోపి ఉంచేవాళ్లం. లైటు స్విచ్చి బయట నడవాలో ఉంది. తలుపు వేసేవాళ్లు ముందు లోపలికి కేకేసి అడగాలి, అది ఆయన పెట్టిన నియమం. ఆ రోజు మేమిద్దరం వేరే ఊళ్లో రెండు రోజుల షూటింగుకు బయల్దేరాం. ఆయన వీధిలో వ్యానుకు సామాను ఎక్కిస్తున్నారు. పిట్ట మాతో రానంది, స్నేహితురాలింటికి పోతానంది. నేను నడవాలోకి వెళ్లి, లైటు ఆర్పి, కాలితో చెక్క లాగేసి, తలుపు వేశాను. అప్పటికి పిట్ట లోపల టేబులు కింద దూరి మైకు తీగ సర్దుతోంది. మేము తిరిగొచ్చింది మూడో రోజు. దానికి ఉబ్బసం. పైగా ఎండాకాలం.

ఆయన నన్ను ఒక్కసారే అడిగారు.

"పిలిచావా?"

"పిలిచాను. పలకలేదు," అన్నాను.

పోయేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటికి మూడు రోజులుగా పిట్టకూ నాకూ మాటల్లేవు. ఎందుకో ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. నా ఎడిటింగు గురించి అది వాళ్లన్నయ్యకు ఏదో చెబితే, ఆయన విన్నారు. అంతే అనుకుంటా. మాటల్లేని మనిషిని కేకేసి పిలవబుద్ధి అవుతుందా? పిలిచాననే చెప్పాను. పోలీసులకు, చుట్టాలకు, వీధివాళ్లకు, ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ చెప్పింది మిగిలింది, జరిగింది అరిగిపోయింది. పిట్ట లోపలుందని నాకు తెలుసో తెలియదో, నాకు నిజంగా తెలియదు. మతి పూర్తిగా పోకముందు అదొక్కటి తెలుసుకోవాలని ఉండేది.

పోయిన నెల అటక దులిపితే ఒక టేపు దొరికింది. దాని మీద ఆ రోజు తారీఖు. కింద నా దస్తూరీలో ఒక ముక్క. "చివర చప్పట లేదు." నేను ఎప్పుడు రాశానో, ఎప్పుడు దాచానో గుర్తు రాలేదు. మా అమ్మాయి పొద్దున్నే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది. వెనక్కి చుట్టేటప్పుడు టేపు తెగి, యంత్రం నమిలేసింది. కంప్యూటర్లో ఎక్కిందొక్కటే మిగిలింది. అందులో ఏముందో మా అమ్మాయి చూడలేదు. మన టేపే కదా, తీరిగ్గా చూసుకోమంది.

గురువారం మధ్యాహ్నం కూర్చున్నాను. తలుపు కింద చెక్క నేనే దోపాను. నోటుబుక్కులో కూడా రాశాను. "చెక్క పెట్టాను. ఫోను కౌంటరు మీద ఉంది." హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొదలుపెట్టాను.

తెర మీద పిట్ట. ఇరవై రెండేళ్ల పిట్ట. చేతులు చాచింది, ఠప్పున కొట్టింది. బొమ్మా చప్పుడూ అతికినట్టు కలిశాయి. కన్ను గీటింది.

"ఎడిటింగు చేసే మహాతల్లికి మనవి. ఈసారైనా నా కన్ను కొయ్యొద్దు," అంది.

అప్పుడు తెలిసింది ఆ టేపేమిటో. కొత్త కెమెరా పరీక్ష. కెమెరాను ముందు వైపు దుకాణంలో మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి నడవా వైపు తిప్పారు. దాని మైకును పొడుగు తీగతో వెనక గదిలో పెట్టారు. అంటే బొమ్మ బయటిది, ధ్వని లోపలిది. దాన్ని ఆపకుండానే మేము ఊరికి పోయాం. గంట టేపు అయిపోయేదాకా అది తిరుగుతూనే ఉంది.

పిట్ట నడవాలో పరుగెత్తి గదిలోకి దూరింది. తీగ ఈడ్చిన చప్పుడు, దాని కూనిరాగం. సరిగ్గా పదో నిమిషం దగ్గర నేనొచ్చాను. పొడుగు జడ, పచ్చ చీర, ముఖం ముడుచుకుని. స్విచ్చి నొక్కాను. గదిలో వెలుగు ఆరింది. కాలితో చెక్క లాగాను. తలుపు వేశాను. వీపు కెమెరా వైపు ఉంది, నోరు కనపడలేదు. వెనక్కి తిరిగి కెమెరా పక్కగా వెళ్లిపోయాను.

పిలిచిన చప్పుడు ఎక్కడా లేదు.

తెర మీద మూసిన తలుపు. ఒక సెకను... రెండు... అప్పుడు నా చెవుల్లో వినపడింది.

"వదినా, నేను లోపలే ఉన్నా."

అందులో భయం లేదు. నవ్వుతూనే అంది. మూడు రోజుల తర్వాత నాతో అది మాట్లాడిన మొదటి మాట.

నాకు ఏడుపొచ్చింది. పిలవలేదు, అది నా తప్పే. కానీ తలుపు పడ్డాక రెండు సెకన్లకు అంది. ఆ తలుపు పడ్డాక ఏదీ వినపడదు. నేను వినలేదు. నలభై ఏళ్ల బరువు దించినట్టు కుర్చీలో వెనక్కి వాలాను.

వాలి ఎంతోసేపు ఉండలేకపోయాను. ఇన్నేళ్లు ఈ పని చేసిన బుర్ర ఊరుకోదు. ఈ టేపుకు సింకు చేయలేదు కదా. మాట వెనకబడి ఉంటుంది కదా. ఎంత వెనకబడింది? ఒక సెకనైతే నేను బతికిపోయినట్టే. మూడైతే... ఆ మాట తలుపు తెరిచి ఉండగానే అన్నట్టు. నేను విని వేసినట్టు.

చివరికి జరిపి చూశాను. మూసిన తలుపు, నిశ్శబ్దం. చప్పట లేదు. నేను రాసిన ముక్క నిజమే.

రాసిన ముక్క... చివర చప్పట లేదని రాయాలంటే, చివరిదాకా చూసి ఉండాలి. అప్పట్లోనే చూశాను నేను. టేపు చెడకముందు, బొమ్మా మాటా కలిసి ఉన్నప్పుడు. అంటే ఏం జరిగిందో నాకు ఒకప్పుడు తెలుసు. తెలిసి మర్చిపోయాను.

మళ్లీ పదో నిమిషానికి వచ్చి వినడం మొదలుపెట్టాను. ఎక్కడైనా బొమ్మకూ ధ్వనికీ పొత్తు దొరుకుతుందేమోనని. దొరకదని తెలుసు. బయటి బొమ్మలో కదిలేదేమీ లేదు. లోపల పిట్ట తలుపు తడుతోంది. పిలుస్తోంది. నవ్వు పోయింది. కాసేపటికి పిలుపు కూడా పోయి, ఊపిరి లాగే ఈల మాత్రం మిగిలింది.

ఇరవయ్యో నిమిషం దగ్గర గదిలో లైటు ఆరిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. కానీ కంప్యూటరు వెలుగుతూనే ఉంది. హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగాను. తెర వెలుగులో తలుపు కనపడింది. మూసి ఉంది. కింద చెక్క లేదు.

లేచి వెళ్లి తోశాను. కదల్లేదు. పిడి ఉండాల్సిన చోట వేలు పట్టేంత బొక్క. ఇన్నేళ్లుగా ఆ పిడి వేయించనే లేదు మేము. చెక్క ఉంది కదా అనే... ఆ తర్వాత కూడా. ఎవరం దాన్ని ముట్టుకోలేకపోయాం.

మా అమ్మాయి మూడింటికి, ఎక్కించిన వీడియోలు ఇచ్చిరావడానికి బయటికి పోతానంది. ఎప్పుడొస్తానందో గుర్తు రాలేదు. నోటుబుక్కు తెర వెలుగులో పట్టి చూశాను. రాసుకోలేదు. ఫోను కౌంటరు మీద ఉంది. అది రాసుకున్నాను.

పిలిచాను. నా గొంతు గోడల గుడ్డలో ఇంకిపోయింది. తలుపు చట్రం ఇనపది, దాన్ని ఉంగరంతో మూడుసార్లు కొట్టాను. టక్, టక్, టక్.

టేబులు దగ్గరికొచ్చి హెడ్‌ఫోన్ల తీగ పీకేశాను. ఒంటరిగా నిశ్శబ్దంలో ఉండలేక, ధ్వని గదిలోకి వదలాలని. అప్పుడే స్పీకర్లోంచి వచ్చింది.

టక్, టక్, టక్.

ఇనుము మీద ఉంగరం. పిట్టకు ఉంగరం లేదు.

మళ్లీ వెళ్లి కొట్టాను. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. టక్, టక్, టక్. ఆరు సెకన్లు వెనక. లెక్క తప్పలేదు. ముప్పయ్యో నిమిషం దగ్గర కొట్టాను. తొమ్మిది. నలభయ్యో నిమిషం దగ్గర కొట్టాను. పన్నెండు. నేను కొట్టిన చప్పుడు నా నుంచి దూరంగా, ఇంకా దూరంగా జరిగిపోతోంది... నన్నెక్కడో వదిలేసి నేనే ముందుకెళ్లిపోతున్నట్టు.

పది నిమిషాలకు మూడు.

కాగితం అక్కర్లేదు ఆ లెక్కకు. పదో నిమిషం దగ్గర మాట మూడు సెకన్లు వెనకబడి ఉంది. తలుపు పడ్డ రెండు సెకన్లకు వినపడింది. అంటే తలుపు పడడానికి ఒక సెకను ముందే అంది.

కుర్చీలో కూలబడ్డాను. ఆపేద్దామని మీట మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఆపితే ఈ చీకట్లో నేనొక్కదాన్నే మిగులుతాను. గాలి చిక్కబడింది. పాత గుడ్డ వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. వాటి మధ్య సన్నగా పౌడరు వాసన... పిట్ట మెడకు రాసుకునే పౌడరు. టేబులు కింద నా పాదాల దగ్గర తీగ ఈడ్చిన చప్పుడు. కిందికి చూడలేదు. కాళ్లు పైకి లాక్కుని, నోటుబుక్కు ఎడమ చేత్తో గుండెకు హత్తుకుని కూర్చున్నాను.

ఊపిరి ఈల. అది స్పీకర్లోదో... నాదో... కిందిదో.

యాభై తొమ్మిదో నిమిషం.

"వదినా."

చెవి పక్కనే. గుసగుసగా.

"చప్పట మిగిలిపోయింది."

నా కుడి చెయ్యి లేచింది. నేనే ఎత్తానో, పిట్ట ఎత్తించిందో తెలియదు. ఒక్క చెయ్యే. రెండోది నోటుబుక్కు మీద ఉంది. చీకట్లోకి అరచెయ్యి చాచాను.

ఇంకో అరచెయ్యి వచ్చి తగిలింది. చిన్నది. చల్లగా, తడిగా. గట్టిగా కొట్టింది... మంటపుట్టేలా.

చప్పుడు కాలేదు.

తెర మీద మూసిన తలుపుకు అడ్డంగా రెండు చేతులు కనపడ్డాయి. ఒకటి ముడతలు పడ్డది, ఉంగరం ఉన్నది. ఒకటి నున్ననిది. కలిసి, విడిపోయాయి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏం చేయను, అలవాటు. పది. పదకొండు. నా అరచెయ్యి ఇంకా మండుతోంది. పదిహేను. పదహారు. పదిహేడు. పద్దెనిమిది.

ఠప్.

తలుపు తెరుచుకుంది. నడవా వెలుగులో మా అమ్మాయి, చేతిలో తాళాలు.

నీళ్లు తాగించి, దుకాణంలో ఫ్యాను కింద కూర్చోబెట్టింది. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. తలుపెందుకు వేశావని అడిగాను. అది తెల్లబోయింది. వేసేముందు నడవాలోంచే కేకేసి అడిగిందట, లోపలున్నావా అమ్మా అని. పెరట్లోంచి పలికానట నేను.

"నీ గొంతే అమ్మా. నేను పెరట్లో ఉన్నానే, తలుపు వేసెయ్, అన్నావు."

నేను కుర్చీలోంచి కదల్లేదని చెప్పాను. అది నా వైపు అదోలా చూసింది. తర్వాత మెల్లగా, పెద్దవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది.

"మర్చిపోయి ఉంటావులే."

తల ఊపాను. గదిలోంచి బయటికొచ్చాను గానీ, ఆ మాటలోంచి ఎవరు బయటికి తీస్తారు నన్ను.

శుక్రవారం వడ్రంగి వచ్చి లోపలి పిడి బిగించాడు. నలభై ఏళ్లు ఆగిన పని పావుగంటలో అయిపోయింది. శనివారం పట్టపగలు, తలుపు బార్లా తెరిచి, మళ్లీ ఆ టేపు ముందు కూర్చున్నాను. చివరికి జరిపాను. రెండు చేతులున్నాయి. పద్దెనిమిది సెకన్లకు చప్పుడు ఉంది. చప్పుడును లాక్కొచ్చి చేతుల మీద కూర్చోబెట్టాను. మధ్యలోదంతా సర్దుకుంది. పదో నిమిషానికి వెళ్లాను.

పొడుగు జడ, పచ్చ చీర. లైటు ఆర్పింది. చెక్క లాగింది. తలుపు మీద చెయ్యి వేసింది.

"వదినా, నేను లోపలే ఉన్నా."

పచ్చ చీర ఆగింది. తల కొంచెం పక్కకు వంచింది. మొదటిసారి చూసినప్పుడు ఆ వంపును నేను పట్టించుకోలేదు, మాట లేదు కాబట్టి. ఒక్క సెకను అలా విన్నది. అప్పుడు తలుపు వేసింది. ఒక గంట ఉండనీ, బుద్ధొస్తుంది అనుకుందేమో. వీధిలోకి వెళ్లాక ఆయన తొందరపెట్టారేమో. దారిలో ఎక్కడో గుర్తొచ్చి, చెప్పలేక నోరు మూసుకుందేమో. అవేవీ టేపులో లేవు. నాలోనూ లేవు.

మళ్లీ మర్చిపోతానని ఇదంతా రాస్తున్నాను. ఒకసారి మర్చిపోయి బతికేశాను, రెండోసారి ఆ అవకాశం నాకివ్వకూడదు. నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. "విన్నాను. విని తలుపు వేశాను." రోజూ పొద్దున అదే ముందు చదువుతున్నాను.

ఇంకొక్కటి ఉంది. సింకు చేశాక, ఆ చివరి చప్పట తర్వాత ధ్వని ఇంకా కాస్త మిగిలింది. అదేమిటో విందామని వదిలాను. మా అమ్మాయి మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. స్పీకర్లోంచి ఒక ముసలి గొంతు వచ్చింది. బొంగురుగా, చివర్లో కొంచెం వణుకుతూ. నలభై ఏళ్ల కిందటి టేపులో, ఇప్పటి నా గొంతు.

"నేను పెరట్లో ఉన్నానే. తలుపు వేసెయ్."

మా అమ్మాయి గ్లాసు గుమ్మంలోనే కింద పెట్టేసింది. "గురువారం నేను విన్నది ఇదే," అంది. ఆ తర్వాత అది వెనక గదిలోకి రావడం లేదు.

పని అన్నాక సగంలో వదలకూడదు. ఆ మాటకు సింకు చూద్దామని రోజూ కూర్చుంటున్నాను. టేపంతా ముందుకీ వెనక్కీ బొమ్మ బొమ్మగా తిప్పి చూశాను. ఆ మాటకు కదిలిన పెదవులు ఎక్కడున్నాయో నాకింకా దొరకలేదు.